లారీ ఎక్కిన కారు

సుధాకరరావు కారు కొన్నాడన్న కబురు సింగపూర్‌లో ఇటు బూన్ లే నుంచి అటు పాసిర్ రిస్ దాకా తెలుగువాళ్లందరికీ తెలిసిపోయింది. కొన్నాడో లేదో తెలియనిది ఒక్క అతని భార్య అరుంధతికే. తమాషా ఏమిటంటే, ఆ కబురు పుట్టించింది ఆవిడే.

1999 శ్రావణమాసంలో పాసిర్ రిస్‌లో హైమావతి వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం జరిగింది. హైమావతి భర్త బ్యాంకులో పెద్ద హోదాలో ఉన్నాడు, ఆవిడ మాటలో ఆ హోదా కాస్త వినబడుతుంది. ప్రసాదం చేతిలో పెడుతూ, "అన్నయ్యగారు రాలేదేం? ఆదివారమైతే చాలు, మనిషి నల్లపూసైపోతున్నారు," అంది. తుక్కు బళ్ల దొడ్లో ఉన్నారని నోరు విడిచి చెప్పడానికి అరుంధతికి మనసు రాలేదు.

"కారు పని మీద వెళ్లారండీ," అంది.

"కారు కొన్నారా! ఎంత గుట్టు మనిషివమ్మా!"

అప్పుడే కాదని ఉంటే ఏ గొడవా లేకపోను. ఆవిడ చిన్నగా నవ్వి ఊరుకుంది. ఆ ఊళ్లో కారు కొనడం కన్నా దాన్ని నడిపే హక్కు సర్కారు దగ్గర కొనడం కష్టం. కాంట్రాక్టుల మీద వచ్చిన కంప్యూటర్ వాళ్లలో కారున్నవాళ్లు వేళ్ల మీద లెక్కకొస్తారు. వ్రతకథ అయిదో అధ్యాయం ముగిసేలోగా కారు కథ వంటగది దాటి హాల్లోకి వచ్చేసింది. హారతి పళ్లెం దగ్గరే ముగ్గురు ఆడవాళ్లు, "కారు పూజ ఎప్పుడు చేయిస్తున్నారు?" అని అడిగారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే కాబోలనుకుంటూ ఆవిడ రైలెక్కింది.

అసలు సంగతి ఆవిడకీ సగమే తెలుసు. మొగుడు ఏదో చేస్తున్నాడు. దాన్ని కారంటున్నాడు.

సుధాకరరావుది విజయవాడ ఆటోనగర్. తండ్రికి లారీలకు బాడీ కట్టే షెడ్డు ఉండేది. రేకు మీద సుత్తి దెబ్బల చప్పుడు లేకపోతే చిన్నప్పుడు నిద్రే పట్టేది కాదట అతనికి. ఇరవై ఏళ్లకే లారీ తలుపులు సొంతంగా కొట్టి బిగించేవాడు, క్యాబిన్ మీద తామరపువ్వులూ హంసలూ కూడా తనే వేసేవాడు. బి.కామ్ చదివాడు గాని ఆ సర్టిఫికెట్టు షెడ్డులో క్యాలెండరు వెనక వేలాడుతుండేది.

అరుంధతిది పోస్టుమాస్టరు గారి ఇల్లు, మడీ శుభ్రమూ ఎక్కువ. పెళ్లైన కొత్తలో మొగుడు అన్నం కలుపుతుంటే గోళ్లలో నల్లటి గ్రీజు కనబడి ఆవిడ తన కంచం పక్కకు జరిపేసింది. "ఎన్నాళ్లండీ ఈ నల్ల చేతులు? ఆపెయ్యండి ఆ పని," అంది. ఒకసారి అని ఊరుకోలేదు, ఆరేళ్లు అంది. వీధి వీధినా కంప్యూటర్ బోర్డులు లేస్తున్న రోజులవి. సుధాకరరావు పోట్లాడే మనిషి కాదు. షెడ్డు తమ్ముడికి వదిలి, కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, హైదరాబాదులో రెండేళ్లు చేసి, రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా దిద్దే పని మీద సింగపూర్‌లో తేలాడు. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని ప్రపంచమంతా భయపడుతోంది కనక ఆ పనికి అప్పుడు మహా గిరాకీ.

గోళ్లు తెల్లబడ్డాయి. మనిషి మాట కూడా తగ్గింది. అరుంధతి గోళ్లనే చూసింది, మాట సంగతి గమనించలేదు.

ఏడాదిన్నర కిందట ఒక శనివారం బస్సు తప్పెక్కి అతను ఊరి చివర తువాస్ వైపు అప్పయ్య అనే ఆయన తుక్కు దొడ్డి ముందు దిగాడు. అప్పయ్య తాతలు రబ్బరు తోటల కాలంలో వచ్చినవాళ్లు. ఆయన తెలుగులో సగం తమిళం, పావు మలయ్, మాట చివర ఆ ఊరివాళ్ల 'లా'. పాత కార్లను కోసి భాగాలు అమ్ముకోవడం ఆయన వ్యాపారం. ఆ దేశంలో కారుకు పదేళ్లు నిండితే హక్కు మళ్లీ కొనుక్కోవాలి. చాలామంది కొనరు, తుక్కుకిచ్చేస్తారు. గుండ్రాయిలా ఉన్న ఇంజన్ని క్రేను ఎత్తి కుప్పలో పారేస్తుంటే చూసి సుధాకరరావు గేటు పట్టుకుని నిలబడిపోయాడు.

"నడిచే బండిని ఎందుకు చంపుతున్నారండీ?" అని అడిగాడు.

"ఇక్కడ రూల్ అంతే లా, తంబీ. పదేళ్లు ముడింజిపోతే కారు సచ్చిపోయినట్టే," అన్నాడు అప్పయ్య.

దొడ్డి మూల గడ్డిలో ఒక పాత మోరిస్ కారు డొక్క పడి ఉంది. మర్నాడు ఆదివారం సుధాకరరావు ఆ గడ్డి పీకాడు. ఆ తరవాత అన్ని ఆదివారాలూ అక్కడే.

వ్రతం మరుసటి వారం అరుంధతి తన కూతురు అనన్యను వెంటబెట్టుకుని దొడ్డికి వెళ్లింది. పదిమందికీ నవ్వుతూ ఒప్పుకున్న కారును కళ్లారా చూడాలి కదా. చూసింది. ఎర్రగా మెరిసిపోతోంది. తలుపుల మీద తామరపువ్వులు, వెనక రెండు హంసలు. ఆటోనగర్ లారీ ఎవరో కుదించినట్టుంది. ముందు చక్రాలు రెండూ బట్టలిప్పుకున్నట్టు బయటే ఉన్నాయి.

"మడ్‌గార్డులు ఇంకా పెట్టలేదా?" అంది.

"పెట్టం. అమెరికాలో ఇలాంటివి ఇళ్లలో కట్టుకుంటారు. హాట్ రాడ్ అంటారు."

"పైకప్పు?"

"ఉండదు."

"ఇంజను మీద మూత?"

"అది కనబడటమే అందం, అరుంధతీ."

"పోనీ నంబరు పలకేదండీ?"

సుధాకరరావు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. నంబరు కోసం ఆఫీసుకు వెళ్లానని, కాగితంలో మొదటి గడి దగ్గరే ఆగిపోయానని చెప్పాడు. తయారైన సంవత్సరం రాయమన్నారు. డొక్క యాభైల నాటిది, ఇంజను ఎనభై తొమ్మిదిది, సీట్లు ఎనభై ఎనిమిదివి, తలుపులు మొన్న మార్చిలో తను కొట్టినవి. ఆఫీసులో నాలుగంకెలు దిద్ది దిద్ది చేయి తిరిగినవాడికి ఆ నాలుగంకెలు తోచలేదు. ఇలాంటి బండికి అసలు అనుమతే రాదని కౌంటరు అమ్మాయి మర్యాదగా చెప్పి, కాగితం మర్యాదగానే వెనక్కిచ్చింది.

"అయితే రోడ్డెక్కదా?"

"ఎక్కకూడదు."

"మరి కారెందుకండీ?"

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "నడుస్తుంది కదా," అన్నాడు.

ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. కోపగించుకుందామంటే మొగుడి మొహం వెలిగిపోతోంది. గోళ్ల నిండా నలుపు. ఆ జవాబులన్నీ కలిపితే ఆర్నెల్లలో అతను ఆవిడతో మాట్లాడినదానికంటే ఎక్కువ. కక్కలేక మింగలేక ఇల్లు చేరింది.

అంతలో ఇంకో సంగతి తెలిసింది. నవంబరు నెలాఖరుకు దొడ్డి స్థలం ఖాళీ చేసి ఇచ్చెయ్యాలి, అక్కడ ఫ్యాక్టరీ కడతారట. కారును పెట్టుకోవడానికి ఎక్కడా చోటు లేదు. మిగతావాటితో పాటు దాన్నీ కోసెయ్యాల్సిందేనని అప్పయ్య కళ్లొత్తుకుంటూ చెప్పాడు. ఆ దొడ్లో కుప్పల మధ్య అది నాలుగడుగులు ముందుకు, నాలుగడుగులు వెనక్కి తప్ప కదిలి ఎరగదు. ఆ నెల ఆఖరి ఆదివారం పాత కార్ల సంఘంవాళ్లు ఒక హాల్లో ప్రదర్శన పెడుతున్నారు. పాతవాటి వరసలో పెట్టాలో, మార్చినవాటి వరసలో పెట్టాలో తేలక వాళ్లు దీన్ని 'ఇతరాలు'లో రాసుకున్నారు.

"అక్కడ పెద్ద ఆవరణ ఉందట. అక్కడ నడుపుతా. నువ్వు పక్కన కూచోవాలి. ఒక్కసారి చాలు, ఆ తరవాత కోసుకోనీ," అన్నాడు సుధాకరరావు. అతను నోరు తెరిచి ఏదన్నా కావాలని అడగడం పెళ్లైన పదకొండేళ్లలో అదే మొదలు. అరుంధతి సరేనంది.

ఈలోగా హైమావతి ఫోను మీద ఫోను. పూజ ఎప్పుడు, పూజ ఎప్పుడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, నంబరులేని కారుకు వాహనపూజ కూడా ఖాయమైంది. ప్రదర్శనకు వెళ్లే దారిలోనే కోవెల ఉంది కనక ఆ ఆదివారం ఉదయమే కానిచ్చేద్దామనుకున్నారు.

కోవెల ముందు పదిమంది పట్టుచీరలతో నిలబడి ఉంటే అప్పయ్య లారీ వచ్చి ఆగింది. దాని మీద తాళ్లతో కట్టేసిన కారు.

హైమావతి తల పైకెత్తి చాలాసేపు చూసింది. "ఇదేంటి అరుంధతీ, సగమే ఇచ్చారా?" అంది.

అరుంధతికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "ఇంతేనండీ. మావారు సొంతంగా కట్టారు. రోడ్డు మీద నడపనివ్వరు," అంది. చెప్పేశాక ఏమిటో ఒళ్లు తేలికైంది. సిగ్గుపడాలో గర్వపడాలో మాత్రం తేలలేదు.

పూజారిది ఇంకో చిక్కు. లారీ ఎక్కి కుంకుమ బొట్లు పెట్టి వచ్చాడు, కర్పూరం వెలిగించాడు, గుమ్మడికాయ తిప్పి కొట్టాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి బండి ముందుకు పోనిస్తేనే పూజ ముగిసినట్టు. నిమ్మకాయలు చేతిలో పట్టుకుని ఆయన లారీ చక్రాలను చూశాడు, కారు చక్రాలను చూశాడు. కదిలేది ఏదో దానికే పెట్టాలని శాస్త్రం తేల్చుకుని లారీ కింద పెట్టాడు. అప్పయ్య దణ్ణం పెట్టుకుని లారీ పోనిచ్చాడు. అలా అప్పయ్య పాత తుక్కు లారీకి బ్రహ్మాండంగా వాహనపూజ జరిగింది.

మొగుడి మొహం చూసి అరుంధతికి ప్రాణం ఉసూరుమంది. పూజారి ఇంకో నాలుగు నిమ్మకాయలు ఆవిడ చేతిలో పెట్టాడు. "అది నేల మీద దిగినప్పుడు మీరే పెట్టండమ్మా," అన్నాడు.

ప్రదర్శన హాలు వెనక సామాను దించే సిమెంటు ఆవరణ ఉంది. ఫుట్‌బాల్ మైదానంలో సగముంటుంది. కారును వాలుపలకల మీంచి దించారు. సుధాకరరావు సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పబోయాడు. కాపలా ఉన్న మలయ్ పెద్దాయన చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఇంజిన్ కెనాట్, బాస్. పుష్ ఓన్లీ."

ఇక్కణ్ణుంచే ఇంజను వేయకూడదు, చేత్తో తోసుకుని లోపలికి తీసుకెళ్లాలి, అదీ రూలు. కార్ల పండగలో కారు నడపకూడదట. సుధాకరరావు తల వంచుకున్నాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు, దిగి వెనక్కి వెళ్లి హంసల మీద రెండు చేతులూ ఆనించాడు.

అరుంధతి ఆ చేతులను చూసింది. షెడ్డు తమ్ముడికి అప్పగించిన రోజు కూడా ఈ మనిషి ఇలాగే తల వంచుకుని, ఒక్క మాట అనకుండా చేతులు కడుక్కొచ్చాడు. అప్పుడు ఆపమన్నది తనే. ఏడుపొచ్చింది ఆవిడకు. కారును చూసో, మొగుణ్ణి చూసో, తనను తాను చూసుకునో తెలియదు. సంచిలోంచి నిమ్మకాయలు తీసింది.

"అంకుల్, ప్రేయర్. ఫైవ్ మినిట్స్," అంది.

పెద్దాయన నిమ్మకాయలను చూశాడు, రేడియేటరు మీది కుంకుమ బొట్టును చూశాడు. "ప్రేయర్ ఆ?" అని టోపీ సర్దుకుని ఒకడుగు వెనక్కి వేశాడు. "ఓకే. ప్రేయర్ కెన్."

ఆవిడ వంగి ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయ పెట్టింది. సుధాకరరావుకు నమ్మకం కలగలేదు గాని వచ్చి కూర్చున్నాడు. ఇంజను ఒక్క ఊపులో అందుకుంది. ఆవరణ దద్దరిల్లింది. కారు ముందుకు కదిలి నాలుగు కాయలనూ నలిపేసి, నాలుగడుగులకు ఆగింది. అలవాటైన నాలుగడుగులే.

"ఆపారేం?" అంది అరుంధతి.

"నిమ్మకాయలు అయిపోయాయిగా."

ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని తామరపువ్వు తలుపు తీసి పక్కన కూర్చుంది. "పోనీయండి," అంది.

"ప్రేయర్ ఫినిష్?" అన్నాడు పెద్దాయన.

"నాట్ యెట్ అంకుల్. త్రీ రౌండ్స్." ఏ శాస్త్రంలోనూ లేని ప్రదక్షిణాలు. పోస్టుమాస్టరు గారి అమ్మాయి నోట అబద్ధం అంత సాఫీగా ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు.

కారు కదిలింది. మొదటి చుట్టు అతను స్టీరింగు రెండు చేతులా పట్టుకుని తిప్పాడు. రెండో చుట్టులో మాటలు మొదలుపెట్టాడు. నాన్న మొదటిసారి సుత్తి చేతికిచ్చిన సంగతి, తొలి హంస బాతులా వచ్చిందని షెడ్డంతా నవ్విన సంగతి. ఇంజను చప్పుడులో సగం వినబడలేదు. ఆవిడ అన్నిటికీ తలూపింది. కొప్పు ఊడి జుట్టంతా మొహం మీద పడుతోంది.

మూడో చుట్టు తిరిగేసరికి పెద్దాయన మూడు వేళ్లు పైకెత్తి నిలబడి ఉన్నాడు. లారీలో అప్పయ్య పక్కన కూర్చున్న అనన్య, "అమ్మా, త్రీ ఆల్రెడీ లా!" అని కేకేసింది. సుధాకరరావు కాలు బ్రేకు మీదికి వెళ్లింది.

"ఎన్నయ్యాయి?" అని అడిగాడు.

అరుంధతి స్టీరింగు మీద ఉన్న ఆ నల్ల గోళ్ల చేతిమీద తన చెయ్యి వేసింది.

"ఇంకా ఒకటే అయింది. పోనీయండి," అంది.