సిగ్నల్ బండ దగ్గర రెండు సాయంత్రాలు

ఆ కొండకి మేమిద్దరం వెళ్ళాలి. రాయ్‌పూర్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి మా పెళ్ళిరోజుకని గది బుక్ చేసింది. మైకల్ కొండల్లో, సరయి చెట్ల అడవి మధ్య, ఒక పల్లెలో ఉన్న మట్టి ఇల్లు. దాంతోపాటు ఫోన్‌కి ఏదో పేజీ కూడా పంపింది. ఆ కొండ మీద చాలామందికి తెలియని పనులేమిటో అందులో రాసి ఉంది. తెల్లవారుజామున ఇప్పపూలు ఏరడం, వాగు పుట్టే చోటికి నడవడం, సరయి మాను మీద చెవి పెట్టి వినడం. "గుళ్ళూ గోపురాలూ అందరూ చూస్తారు మమ్మీ, మీరు యే సబ్ కరో" అంది, ఇవన్నీ చెయ్యమని. మా అమ్మాయి తెలుగులో మొదలుపెట్టిన మాటలు హిందీలో ముగుస్తాయి. తెలుగు చదవడం రాదు.

మా ఆయన గూడ్స్ బండ్లకి లోకో పైలట్. ముందే లీవు పెట్టుకున్నారు. బయల్దేరాల్సిన రోజు పొద్దున నేను పులిహోర డబ్బాల్లో సర్దుతుంటే ఫోన్ మోగింది. ఆయన వరండాలోకి వెళ్ళి మాట్లాడి వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఏటయింది?" అన్నాను.

"కోర్బా వైపు బండి. నడపడానికి మనుషులు నేరట. లీవు కేన్సిల్."

నేను డబ్బా మూత పెట్టాను. ఇన్నేళ్ళ కాపురంలో ఇది కొత్త కాదు. పండగలకీ, పిల్ల పుట్టినరోజులకీ, మా నాన్న దినానికి కూడా ఆయన ఏదో ఒక బండి మీదే ఉన్నారు.

"నువ్వెళ్ళిపో" అన్నారు. "రూమ్ బుక్కయిపోయింది గదా."

"ఒక్కదాన్నీ వెళ్ళి ఏటి చేస్తాను?"

"ఇక్కడుంటే మాత్రం ఏటి చేస్తావు?"

కోపంగా అన్న మాట కాదు. నిజంగానే అడిగారు. ఏప్రిల్ ఎండల్లో రైల్వే క్వార్టర్ రేకుల వరండాలో కూలర్ ముందు కూర్చోవడం తప్ప నాకు పనేముంది? ఆయన బూట్లు వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు. నేను బ్యాగులోంచి ఆయన చొక్కాలు తీసి బీరువాలో పెట్టి, స్టేషన్‌కి ఆటో ఎక్కాను.

నేను పుట్టింది బిలాస్‌పూర్‌లోనే. మా తాతది శ్రీకాకుళం వైపు. రైల్వేలో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. స్టేషన్ పక్కనే పెరిగినా, రైల్లో ఒంటరిగా కూర్చోవడం మాత్రం నాకదే మొదటిసారి. బండి కదిలాక పులిహోర సగం తిన్నాను. ఆయన వంతు డబ్బా ఎదురు సీట్లో ఉన్న ఆవిడకిచ్చాను. ఆవిడ తిని, "సాథ్ మే కౌన్ హై?" అని అడిగింది. వెంట ఎవరూ లేరన్నాను.

పెండ్రా రోడ్ స్టేషన్‌లో దిగి జీపులో కొండెక్కాను. గది అద్దెకిచ్చిన ఇంటాయన నా వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని జీపులోకి తొంగి చూశాడు. తర్వాత గదిలోకి తీసుకెళ్ళి, మంచం మీద రెండు దిళ్ళుంటే ఒకటి తీసి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్యాదగానే చేశాడు. అయినా ఆ దిండు తీసుకెళ్ళకపోయి ఉంటే బాగుండేదనిపించింది.

అడవి మాత్రం చాలా బాగుంది. సరయి చెట్లకి పూతకాలం. ఆకులు కొత్తగా వస్తూ రాగి రంగులో ఉన్నాయి. ఎండ పడితే కొండ మొత్తం ఎర్రబడేది. మానులు నిటారుగా, ఎక్కడా వంపు లేకుండా పైకి వెళ్ళిపోయాయి. మన గుగ్గిలం ఈ చెట్టు నుంచే వస్తుందని మా అమ్మ చెప్పగా విన్నాను. అమ్మాయి పంపిన పేజీలో చెప్పినట్టే ఒక మానుకి చెవి ఆనించాను. బెరడు గరుకుగా, వెచ్చగా ఉంది. ఏమీ వినబడలేదు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను. చూడ్డానికి అక్కడెవరూ లేరు.

క్షేమంగా చేరానని ఆయనకి చెబుదామంటే ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఇంటాయన నవ్వాడు. "ఇక్కడెక్కడా రాదు. ఊరి చివర బండ ఉంది, అక్కడికెళ్ళండి. సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది."

వెళ్ళాను. లోయ అంచున ఏనుగు వీపులాంటి నల్లరాతి బండ. దాని మీద ఊరి జనం ఎడం ఎడంగా నిలబడి, ఎవరి ఫోన్‌లో వాళ్ళు గట్టిగా మాట్లాడుతున్నారు. ఒకామె భర్తతో పోట్లాడుతోంది. ఒకాయన విత్తనాల బేరం చేస్తున్నాడు. ఆ పేజీ రాసినవాళ్ళకి ఈ బండ సంగతి తెలిసినట్టు లేదు.

మా ఆయన ఫోన్ స్విచాఫ్. ఇంజన్లో ఉన్నంతసేపూ ఫోన్ కట్టేయాలి, అది నాకు తెలుసు. తెలిసి కూడా మళ్ళీ మళ్ళీ చేశాను. ఆఖరికి మాటలు రికార్డు చేసి పంపాను. "చేరిపోయాను. బాగానే ఉంది. చెట్లున్నాయి. మీరు భోజనం చేసీండి" అన్నాను. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను గానీ ఏం చెప్పాలో తోచలేదు.

ఫోన్ దించేసరికి ఒక ముసలామె నా ఎదురుగా నిలబడి ఉంది. ముంజేతుల మీద పచ్చబొట్లు, చేతిలో బటన్ల ఫోన్. అందరికీ దూరంగా బండ చివర కూర్చుని ఉన్నదల్లా లేచి వచ్చింది. నా ముఖంలోకి పరీక్షగా చూసి, ఛత్తీస్‌గఢీలో మెల్లగా అడిగింది.

"నోనీ, నువ్విప్పుడు మాట్లాడింది ఏ భాష?"

నోనీ అంటే అమ్మాయీ అని. నన్నలా పిలిచి ఎన్నేళ్ళయిందో. "తెలుగు, దాయీ" అన్నాను. అక్కడ పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారు.

"మా కోడలిదీ అదే భాష" అంది గొంతు తగ్గించి.

తన కొడుకు ఆంధ్రా వైపు ఇటుకబట్టీలో పనికెళ్ళాడట. వెళ్ళేటప్పుడు ఈ ఫోన్ ఇచ్చి, ఒక బటన్ నొక్కి పట్టుకుంటే తనకి వస్తుందని నేర్పాడట. మొదట్లో మాట్లాడేవాడు. కొన్నాళ్ళుగా అతను తీయడం లేదు. ఒక ఆడపిల్ల తీస్తోంది.

"అక్కడే ఎవరినో చేసుకున్నాడు. నాతో చెప్పడానికి మొహం చెల్లక ఆ పిల్లకిస్తున్నాడు. ఊళ్ళోవాళ్ళకి చెబితే నవ్వుతారు, అందుకే నేనెవరికీ చెప్పలేదు. ఆ పిల్ల మంచిదే. గొంతు ఎంత మెత్తగా ఉంటుందో! కానీ ఏమంటుందో నాకు తెలీదు. నువ్వొకసారి విని చెప్పు."

బటన్ నొక్కి ఫోన్ నా చేతిలో పెట్టింది. నేను చెవి దగ్గర పెట్టుకున్నాను.

"మీరు కాల్ చేస్తున్న నంబరుకు ప్రస్తుతం ఇన్‌కమింగ్ కాల్స్ సదుపాయం అందుబాటులో లేదు" అంది ఒక ఆడగొంతు. తర్వాత అదే మాట ఇంగ్లీషులో అంది. తర్వాత కట్టయిపోయింది.

ముసలామె నా పెదవుల వైపే చూస్తోంది. "ఏమంది? బాగున్నానందా?"

అబద్ధం చెప్పాలని నాకు తట్టలేదు. తట్టి ఉంటే చెప్పేదాన్నేమో, తెలియదు. "దాయీ, అది మనిషి కాదు. కంపెనీ వాళ్ళు ముందే పట్టి పెట్టిన గొంతు. మీ అబ్బాయి ఫోన్ రీచార్జ్ అయిపోయిందని చెబుతోంది. ఎవరు చేసినా అదే చెబుతుంది" అన్నాను.

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను.

"మరి, ఆ పిల్ల లేదా?"

"లేదు దాయీ."

ఆమె బండ మీద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. లోయ వైపు చూస్తూ తనలో తాను చెప్పుకున్నట్టుగా అంది.

"నేను రోజూ మాట్లాడేదాన్ని. ఎండలో పని చెయ్యకమ్మా అనేదాన్ని. మా వాడికి కోపమెక్కువ, నువ్వే సర్దుకో అనేదాన్ని. ఇప్పపూలు ఎండబెట్టి ఉంచాను, వచ్చినప్పుడు తిందువుగాని అన్నాను. నా మాట పూర్తికాకుండానే కట్ చేసేసేది. సిగ్గేమో అనుకున్నాను."

చెయ్యగలిగింది ఒకటే కనిపించింది. ఆ నంబరు నా ఫోన్‌లో కొట్టి రీచార్జ్ చేశాను. మళ్ళీ చేయిస్తే ఈసారి రింగయింది. ఎవరూ ఎత్తలేదు.

"పనిలో ఉన్నాడేమో. రేపు మళ్ళీ చేద్దాం" అన్నాను.

ఆమె ఫోన్ కొంగులో ముడేసుకుని దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా ఇప్పచెట్ల కిందికి వెళ్ళాను. చెట్ల కింద ఎండుటాకులు కాల్చి నేల శుభ్రం చేసి ఉంచారు. పూలు ఒక్కొక్కటే టప్ టప్‌మని రాలుతున్నాయి. పల్లె ఆడవాళ్ళు బుట్టలతో ఏరుకుంటున్నారు. ఒక్కో చెట్టూ ఒక్కో ఇంటివాళ్ళది కాబట్టి, అడిగి ఒక చెట్టు కింద ఏరాను. పూవు నోట్లో వేసుకుంటే ముందు తియ్యగా ఉండి, చివర కాస్త వెగటుగా అనిపించింది. ఆడవాళ్ళు ఒకరినొకరు పిలుచుకుంటూ నవ్వుకుంటున్నారు. నేను ఏరిన పూలు ఆ చెట్టువాళ్ళ బుట్టలోనే పోశాను. నేనేం చేసుకుంటాను?

వాగు దగ్గరికీ నడిచాను. అది పుట్టేచోట నీళ్ళు పెద్దగా లేవు. తడిసిన మట్టి, దాని చుట్టూ నాచు, అంతే. అక్కడ కూర్చుంటే మా ఆయన ఏమనేవారో ఊహించుకున్నాను. "దీనికోసమేనా ఇంత దూరం?" అనేవారు. అలా అనేవారని తెలిసి కూడా, ఆయన పక్కనుండి ఆ మాట అనాలనిపించింది.

సాయంత్రం నేను బండ దగ్గరికి వెళ్ళేసరికి ఆమె అప్పటికే వచ్చి ఉంది. తనంతట తాను చెయ్యలేదు. నా కోసం ఆగింది. బటన్ నొక్కి నాకే ఇచ్చింది. నాలుగు రింగులయ్యాక మగగొంతు పలికింది.

"హలో, ఎవరు?"

తెలుగులోనే అడిగాడు. నేను ఫోన్ గబుక్కున ఆమెకిచ్చేశాను.

తల్లీ కొడుకుల మాటలు కొంచెంసేపట్లోనే అయిపోయాయి. బట్టీ ఊరికి దూరమట, రీచార్జ్ కోసం వెళ్ళడం కుదరలేదట. వానలకి ముందు వస్తాడట. "తిన్నావా" అని ఆమె, "తిన్నాను" అని అతను. పిలుస్తున్నారు, వెళ్ళాలన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ఆమె ముఖంలో పెద్ద సంతోషం కనిపిస్తుందనుకున్నాను. సంతోషం లేకపోలేదు. కళ్ళు తుడుచుకుంది, నా చెయ్యి పట్టుకుంది. కానీ కాసేపు పోయాక అంది.

"వీడితో నాకెప్పుడూ మాటలు రావు. చిన్నప్పట్నుంచీ అంతే. ఆ పిల్లతో ఎంతో చెప్పేదాన్ని."

తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "మీ భాషలో ఏదైనా మాట్లాడు నోనీ. ఊరికే వింటాను" అంది.

ఏం మాట్లాడను? ఇంట్లో నేను తెలుగు మాట్లాడేది ఒక్కరితోనే. ఆ మనిషి ఇంట్లో ఉండేది తక్కువ, ఉన్నప్పుడు నిద్రపోయేది ఎక్కువ. మా అమ్మతో మాట్లాడినట్టు మొదలుపెట్టాను. పొద్దున్న ఏం చేశానో చెప్పాను. పూలు ఏరాననీ, వాగు చిన్నదనీ, రాత్రి గదిలో ఒక్క దిండే ఉందనీ చెప్పాను. అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళాక ఇల్లు ఎలా ఉందో చెప్పాను. డ్యూటీ నుంచి వచ్చిన మనిషిని లేపకూడదని చెప్పులు లేకుండా తిరగడం అలవాటైపోయిందనీ చెప్పాను. ఆ మాటలు అంతకుముందు ఏ భాషలోనూ ఎవరితోనూ అనలేదు. ఆమెకి ఒక్క ముక్క కూడా అర్థం కాదు. అయినా తల ఊపుతూ వింది. మధ్యలో ఒకసారి, "అచ్ఛా" అంది.

మర్నాడు జీపెక్కి దిగిపోయాను. ఆమె ఇల్లెక్కడో నేను అడగలేదు, నా నంబరు ఆమెకివ్వలేదు. ఇంటికి వచ్చేసరికి మా ఆయన నిద్రపోతున్నారు. లేచాక, "ఎలాగుంది?" అన్నారు. బాగుందన్నాను. ముసలామె సంగతి చెప్పాను. రికార్డు గొంతుని కోడలనుకుందంటే ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. బండ మీద నేను చెప్పుకున్న మాటలు మాత్రం ఆయనకి చెప్పలేకపోయాను.

వానలు పడ్డాక, ఒక మధ్యాహ్నం క్వార్టర్‌లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు, రీచార్జ్ చేసినప్పుడు నా ఫోన్‌లో మిగిలిపోయిన ముసలామె కొడుకు నంబరుకి చేశాను. నేనెవరో చెప్పగానే గుర్తుపట్టాడు. అతని తెలుగులో గోదావరి యాస. మా అమ్మాయి కంటే బాగా మాట్లాడాడు. ఇంటికి వెళ్ళి నాట్లు వేసి, బట్టీ మూసినా ఇటే ఇంకో పనికి వచ్చేశానన్నాడు.

"అమ్మ ఎలా ఉంది?"

"బాగానే ఉందండీ. మిమ్మల్ని తలుచుకుంటది. ఆవిడ భలే మాటకారి, గంటలు గంటలు మాట్లాడతది అని అందరికీ చెప్పింది."

నన్ను మాటకారి అన్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

"ఇంకేమన్నా చెప్పమంటారా అక్కా అమ్మకి?"

ఆలోచించాను. బయట వాన రేకుల మీద గట్టిగా పడుతోంది.

"అడిగానని చెప్పు, చాలు" అన్నాను.

సరేనన్నాడు. నేనింకా ఏదైనా అంటానేమోనని ఒక్క క్షణం ఆగి, ఫోన్ పెట్టేశాడు.