యాదమ్మ ఎడమ చెయ్యి

1998 జూన్‌లో కొండాపూర్ దగ్గరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు గణితం స్కూల్ అసిస్టెంట్‌గా బదిలీ అయ్యాను. బడి వెనక కొన తేలిన పెద్ద రాతిగుండు ఉండేది. దానెక్కితే బీదర్ కోట కనబడుతుందని పిల్లలకు చెప్పేవాణ్ణి. చెప్పగా చెప్పగా రెండో ఏడాదికి నాకే కనబడసాగింది.

గచ్చిబౌలి నుంచి సుభద్ర గారనే పరిశోధకురాలు శనివారాలు వచ్చేవారు. ఆవిడా, నాలుగు బళ్ల లెక్కల మాస్టర్లమూ కలిసి ఒక లెక్క తయారుచేసేవాళ్లం. ఒకరు దాన్ని పిల్లల ముందు పెడితే, మిగతావాళ్లు వెనక కూర్చుని పిల్లలేం చేస్తున్నారో రాసుకోవాలి, నోరు మెదపకూడదు. తర్వాత కలిసి లెక్కను దిద్దాలి.

నా వంతుకు గుండు ఎత్తు వచ్చింది. కట్టె నీడ కట్టెంతే ఉండే వేళకు గుండు నీడ కొలిస్తే అదే దాని ఎత్తు. పాఠం తేలిపోతే మా బడిని బృందం నుంచి తప్పిస్తారని హెడ్మాస్టరు గారు బెదిరించారు. నేను ఇన్‌స్పెక్షన్ల కాలపు మనిషిని. ముందురోజే కొలిచి, పన్నెండడుగులని పిల్లలచేత బట్టీ పట్టించాను. అందరూ చెయ్యెత్తాలి. జవాబు గుర్తున్నవాళ్లు కుడి, లేనివాళ్లు ఎడమ; కుడి ఎత్తినవాళ్లనే లేపి అడుగుతానన్నాను.

మర్నాడు గుండు దగ్గర, బృందం చూస్తుండగా, ఎత్తెంతని అడిగితే అన్నీ కుడి చేతులే. రాళ్లు కొట్టే ఎల్లయ్య కూతురు యాదమ్మ ఒక్కతే ఎడమ చెయ్యెత్తింది. చూపు తిప్పుకున్నాను. చెయ్యి దిగలేదు.

“ఏందే, మర్చిపోయినవా?” అన్నాను మెల్లగా.

“మర్వలే సార్. మా నాయిన గీ గుండెక్కనీకె రెండు నిచ్చెనలు కలిపి కట్టిండు. పన్నెండు ఎట్లయితది? నీడ కొన కెళ్లి పడ్తది. మీరు అంచు కాడికెళ్లి కొలిచిన్రు. గుండు నడుమ నుంచి అంచు దాంక దూరం ఏడ వోయింది?”

లెక్క కట్టిన ఐదుగురిలో ఒక్కరికీ అది తట్టలేదు. పిల్లలు బట్టీ మరిచి గుండు చుట్టూ పరుగెత్తారు. రెండు అంచుల దగ్గరా కట్టెలు పాతి, తాడుతో వెడల్పు కొలిచి, అందులో సగం పన్నెండుకు కలిపారు. ఇరవయ్యొకటి వచ్చింది.

నోరు మెదపకూడదన్న నియమం దాన్ని పెట్టిన సుభద్ర గారే తప్పారు. “మాస్టారూ, మనమే తప్పు కట్టామండీ. ఈ బడిని వదలకూడదు,” అన్నారు నవ్వుతూ. మిగతావాళ్లంతా కుడి చెయ్యే ఎందుకెత్తారని కూడా అడిగారు. కొండాపూర్ నీళ్ల మహిమ అన్నాను. అదీ రాసుకున్నారు. మరుసటి శనివారం నిజం ఒప్పుకున్నాను.

మిగతా మూడు బళ్లలో దిద్దిన లెక్కనే పెట్టాం, జవాబు ముందు చెప్పకుండా. ఆ ఉదంతం నాకు నేర్పింది ఇంతే: లెక్క తయారుచేసినవాడికి అందులోని తప్పు కనబడదు. చేసేవాడికి కనబడుతుంది, చెయ్యనిస్తే.