తొమ్మిదో వరుస, పద్నాలుగో గోరీ

ఇక తిరిగి రానక్కర్లేని ఫైనల్ ఎగ్జిట్ వీసా పడ్డాక మనవాళ్లు రియాద్‌లోని బతా బజారుకు వెళ్లి దుప్పట్లు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు కొంటారు. నేను ఖబరస్తాన్‌కు వెళ్లాను. సౌదీ సరిహద్దు ఊరు ఖఫ్జీలో ఇరవై రెండేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశాను. సౌదీ ఉద్యోగులు సరిపడా లేరని నితాఖత్ కోటా లెక్కలో మా కంపెనీ ఎరుపులో పడింది. దానికి తోడు విదేశీ పనివాళ్ల మీద తలకింత అని వేసే లెవీ పెరిగింది. ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇకామా, ఇక రెన్యూవల్ కాదని చెప్పేశారు. కడపకు వెళ్లిపోయే ముందు నాకు ఒక్క పని మిగిలింది. మా హుసేనన్న రియాద్‌లో గుండెపోటుతో పోయి పదేళ్లయింది. ఇక్కడే మట్టి చేశాం. ఆయన గోరీని మాబున్ని వదిన ఒక్కసారి కూడా చూడలేదు. నేను వెళ్లిపోతే చూపించేవాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు.

గురువారం సాయంత్రం ఆరింటికి ఖఫ్జీలో బస్సెక్కి, దమ్మామ్‌లో మారి, తెల్లవారేసరికి రియాద్‌లో దిగాను. మొత్తం నూట అరవై రియాళ్లయింది. బతాలో ఉప్మా, టీ ఆరు రియాళ్లు. శుక్రవారం కాబట్టి అక్కడే జుమా నమాజు చదువుకుని, పాత పరిచయస్థుడు లింగన్న బండిలో బయల్దేరాను. ఆయనది జగిత్యాల, కూరగాయల బండి నడుపుతాడు. టాక్సీ అయితే ముప్పై రియాళ్లు అడుగుతారు, ఈయన పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు. దిగుతుంటే రెండు నీళ్ల సీసాలు చేతిలో పెట్టాడు.

“నువ్వు నయమన్నా. మీ అన్న ఈడ మన్నుల పన్నడు, నువ్వొచ్చి చూస్తున్నవ్. మా రూమ్ల సచ్చిపోయినాయన పెట్టెల ఇంటికి వోవుటానికి రెండు నెలలు వట్టింది,” అన్నాడు.

నయమో కాదో లోపలికి వెళ్లాక తెలిసింది. ఇక్కడి గోరీలకు పేర్లుండవు. జానెడెత్తు మట్టి, తలవైపు ఒక రాయి, అంతే. ఆస్తిపరుడికైనా కూలీకైనా అదే తీరు. అందుకే అన్నను మట్టి చేసిన రోజు గేటు నుంచి లెక్కపెట్టి డైరీలో రాసుకున్నాను: తొమ్మిదో వరుస, పద్నాలుగో గోరీ. వదినకు అదే చెప్పాను. ఆమె దాన్ని పిల్లలకు నేర్పింది. ఏ తీగ ఎక్కడికి పోతుందో కళ్లు మూసుకుని చెప్తానని డబ్బా కొట్టుకునే మనిషిని, లెక్కలో నాకు తిరుగులేదనుకున్నాను. తీరా లెక్కపెట్టుకుంటూ వెళ్లి చూస్తే, పద్నాలుగో గోరీ రెండడుగుల పొడవుంది. ఎవరో పసిబిడ్డది.

అక్కడ పనిచేసే పాకిస్తాన్ ముల్తాన్ పెద్దాయన నా వాలకం చూసి దగ్గరికొచ్చాడు. “గేట్ తో కబ్ కా బదల్ గయా, భాయ్,” అన్నాడు, గేటు ఎప్పుడో మారిపోయిందని. ఆయన వచ్చిన కొత్తలో గోడ అవతలంతా ఇసుకేనట. తర్వాత నగరం వచ్చి గోడను ఆనుకుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రెండు పాత గేట్లు మూసేశారు. నేను లెక్కపెట్టింది ఏ గేటు నుంచో నాకే గుర్తులేదు. నా మీద నాకే అసహ్యమేసింది. ఆయన మాత్రం విసుక్కోకుండా ఆ ఏడాదివాళ్లున్న భాగం చూపించాడు. ఇరవై రెండు వరుసలు, ఆ పసిబిడ్డ గోరీ ఉన్నదీ వాటిలోనే. వదినకు చూపించాలంటే, మనుషులెవరూ పడకుండా ఫోనులో చూపించుకోమన్నాడు.

వదినకు వీడియో కాల్ చేశాను. నిండు పొడవున్న గోరీ ఒకటి చూసుకుని, ఇదే అని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆమె తలమీద కొంగు సర్దుకుని కూర్చోవడం చూశాక నోరు రాలేదు. జరిగింది చెప్పాను.

“ఈ వరసల్లో యాడో ఒగచోట ఉండాడు గదా మస్తానూ?”

“ఉన్నాడు వదినా. అది మాత్రం ఖాయం.”

“అట్లయితే ఫోను మెల్లగా తిప్పుకుంటా నడువు. అన్నీ చూచ్చే ఆయన్నీ చూసినట్లే.”

నడిచాను. ప్రతి గోరీ దగ్గరా ఆమె సలాం చెప్పింది, ఒక్కదాన్నీ వదల్లేదు. ఆ పసిబిడ్డ దగ్గర మాత్రం, “రోంచేపు నిలబడు,” అంది.

పదేళ్లుగా ఆ గోరీని ఒక అంకెగానే చూశాను. డైరీలో రాసుకున్నాను కదా, ఇక వెళ్లకపోయినా ఫర్వాలేదనుకున్నాను. సెలవు దొరకలేదన్నది సాకు. ఏడాదికోసారైనా వెళ్లి ఉంటే కాళ్లే దారి గుర్తుపెట్టుకునేవి. అన్నను పోగొట్టింది మూసేసిన గేటు కాదు, నేనే.

మీలో ఎవరైనా ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్క మాట: ఎండ తగ్గి అసర్ నమాజు అయ్యాక వెళ్లండి, ఫోను నిండా చార్జి చేసుకోండి. నాది పదిహేడో వరుసలో ఆగిపోయింది. మిగిలిన ఐదు వరుసలూ నేనే నడిచి, ఒక్కొక్కరికీ మాబున్ని వదిన సలాం చెప్పిందని చెప్పి వచ్చాను.