స్కూటీ నంబరు టోటల్

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నేను రోడ్డు మీద తల దించుకుని నడిచేది సిగ్గుతో మాత్రమే కాదు, నంబర్ ప్లేట్లు చదవడానికి కూడా. మనుషుల ముఖాలు చూడాలంటే నాకు బెరుకు. ప్లేట్లతో ఆ ఇబ్బంది లేదు. అంకెలు కూడి, మూడో ఎక్కంలో పోతుందా, తొమ్మిదో ఎక్కంలో పోతుందా అని చూస్తూ నడిస్తే గవర్నర్‌పేటలో మా ఆఫీసు ఇట్టే వచ్చేస్తుంది.

మా ఊళ్లో బండి కొన్నవాళ్లంతా ఈ లెక్క చేస్తారు. నంబరులోని అంకెలన్నీ కూడి, వచ్చినదాన్ని మళ్లీ కూడి, చివరికి తొమ్మిది వస్తే మురిసిపోతారు. ఆ నంబరు తొమ్మిదితో శేషం లేకుండా పోతుందన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు.

బస్సులో నలిగిపోతున్నానని నాన్న నాకు స్కూటీ కొన్నాడు. నంబరు 2762 అని ఫోనుకి మెసేజ్ వచ్చింది.

"టోటల్ ఎంతరా?" అని నాన్నని అడిగింది నాయనమ్మ.

"పదిహేడు. అంటే ఎనిమిదమ్మా."

"ఎనిమిదా! శనిని ఇంటికి తెచ్చావేంట్రా? పామర్రులో మా తమ్ముడి లారీ ఎనిమిదే. కాలవలోకి దిగిపోయింది."

"మావయ్య లారీ తొమ్మిదమ్మా."

"ఏదైతేనేం, దిగిందిగా! పిల్ల దాన్ని ముట్టుకోడానికి వీల్లేదు."

నాన్న కాసేపు గడ్డం గోక్కుని, "పోనీ అమ్మేద్దాంలే" అన్నాడు. మళ్లీ ఆ బస్సు, ఆ తోపులాట కళ్లముందు మెదిలాయి. నా గొంతు దానంతటదే పెగిలింది.

"నాయనమ్మా, ఈ నంబర్ని తొమ్మిదితో భాగిస్తే ఎనిమిది మిగులుద్ది. అంటే తొమ్మిదికి ఒక్కటే తక్కువ. బండి మీద నేనెక్కితే ఆ ఒకటి కలిసిపోద్ది కదా!"

ఇంట్లో నేను అంత పొడుగు మాట మాట్లాడటం అరుదు. నాన్న నవ్వు ఆపుకోవడానికి ఫ్యాను వైపు చూశాడు. నాయనమ్మ వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ ఎనిమిది దాకా వెళ్లి, నన్ను ఎగాదిగా చూసి, ఇంకో కణుపు మీదికి జరిపింది.

"మరి వెనకాల ఇంకోళ్లెక్కితే?"

"పదవుద్ది. ఒకటీ సున్నా కూడితే ఒకటి."

నాయనమ్మ బొటనవేలిని మళ్లీ మొదటి కణుపు మీదికి తెచ్చుకుంది.

"సరే, నడుపుకో. నన్ను మాత్రం వెనకాల ఎక్కమనొద్దమ్మాయ్, లెక్క చెడిపోద్ది."