మామ్మ పెట్టిన చీర పందెం

మా చిన్నప్పుడు ఇంటికి చుట్టాలొస్తే గుమ్మంలోనే ముక్కు మూసుకునేవారు... నర్సీపట్నంలో మా పెరట్లో మామ్మ జీడిపిక్కల షెడ్డు ఉండేది మరి. కాల్చిన పిక్కల వాసన మా బట్టల్లో, జడల్లో, ఆఖరికి పెరుగన్నంలో కూడా!

ఆడవాళ్ళు వరసగా కూర్చుని పిక్కలు కొట్టి పప్పు తీసేవారు. ఆ తొక్కలో ఉండే నూనె తగిలితే చర్మం పొక్కిపోతుంది. అందుకని చేతులకి ఆముదం రాసుకున్నాకే పనిలో కూర్చునేవారు.

ఓ వేసవిలో మామ్మకి ఒక ఆలోచన వచ్చింది... పప్పు విరక్కుండా అందరికంటే ఎక్కువ తీసినవాళ్ళకి వారం వారం చీర! అబ్బో, షెడ్డులో ఏం హుషారో! నేనూ గంతులేశాను. వాళ్ళ కబుర్లు, నవ్వులు ఆగిపోయాయని మాత్రం ఎవరం గమనించలేదు.

ఓ మధ్యాహ్నం అందరూ సత్తు కేరేజీలు విప్పారు. అప్పలనర్స అనే ఆవిడ మాత్రం చేతులు కొంగులో దాచుకుని కూర్చుంది.

“ఏటే, అన్నం తినవేటి?” అంది మామ్మ.

“ఆకలి నేదమ్మా.”

“ఏదీ, సెయ్యి సూపించు... బేగి!”

అరచేతుల నిండా పొక్కులు. ఆముదం రాసుకుంటే పిక్క జారి పప్పు విరిగిపోతోందట... చీర కోసం వట్టి చేతులతో కొట్టింది.

“సెబితే పనిలోంచి తీసెత్తారని బయ్యమేసిందమ్మా,” అని ఏడ్చింది.

మామ్మ తిడుతుందనుకున్నాను. ఆవిడ అప్పలనర్స పక్కనే కూలబడింది. అన్నం కలిపి తన చేత్తో తినిపించింది.

“తప్పు నాదేనే... పప్పు సూసుకున్నాను గానీ నీ సేతులు సూసుకోలేదు. సిగ్గుతో సచ్చిపోతన్నాను,” అంది అందరి ముందూ.

పందెం ఆ రోజే ఎత్తేసింది. చేతులు మానేదాకా అప్పలనర్సని పిక్క ముట్టుకోనివ్వలేదు, కూలి మాత్రం ఆపలేదు.

ఇప్పుడు నేను విశాఖలో ఓ ఆఫీసులో మేనేజర్ని. ‘మాకు మనుషులే ముఖ్యం’ అని గోడ మీద రాయించిందీ నేనే... ఒక్క సెలవూ పెట్టనివాళ్ళకి నెల నెలా బహుమతి పెట్టిందీ నేనే!

నిన్న మా టీమ్‌లో ఒకమ్మాయి జ్వరంతోనే వచ్చి సీట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. పరిగెత్తుకెళ్ళాను. నా నోట్లోంచి ఊడిపడ్డ మొదటి మాట ఏంటో తెలుసా? “మరి ఈ రోజు రిపోర్టు ఎవరు పంపిస్తారు?”

ఛీ... రాస్తుంటేనే తల కొట్టేసినట్టుంది.

ఆ పిల్ల కళ్ళు తెరిచి, “సారీ మేడమ్, నేనే పంపిస్తాను” అంది. సారీ... నాకు!

అప్పట్లో తప్పు చేసిన పెద్దవాళ్ళు తలొంచుకునేవారు. ఇప్పుడు జ్వరం వచ్చినవాళ్ళు తలొంచుకుంటున్నారు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఏ యజమానైనా పనివాళ్ళ ముందు “తప్పు నాదే” అనడం మీరు చూశారా? చూస్తే, ఆ మాట ఎలా మొదలుపెట్టారో కాస్త రాయండి... రేపు పొద్దున్న ఆ అమ్మాయి ముందు నేను నిలబడాలి.