నాన్నమ్మకి పంపిన నాలుగో క్యాసెట్

మా చిన్నప్పుడు... బహ్రెయిన్ నుంచి ఊరికి ఉత్తరాలు తక్కువ, మాటల క్యాసెట్లు ఎక్కువ. శుక్రవారం మధ్యాహ్నం నయీమ్ పేట‌లోని మా రెండు గదుల ఇంట్లో ఫ్యాను ఆపేసి, టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చునేవాళ్ళం. మొదట నాన్న ప్రార్థన, తర్వాత అమ్మ, నేను, చివర చెల్లి రూతు. క్యాసెట్ పెట్టి మీట నొక్కే పని కూడా రూతుదే. సెలవు మీద వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి కాకినాడ దగ్గర మా నాన్నమ్మకి పంపేవాళ్ళం.

ఆ ఏడాది, సిత్రా రిఫైనరీలో నాన్న పైఅధికారిగా ఉన్న ఇంగ్లండు దొర ఉద్యోగం ముగించుకుని వెళ్ళిపోతూ సామాన్లు పంచిపెట్టాడు. మాకో పాత గిటారు, ఒక అట్టపెట్టె వచ్చాయి. పెట్టెలో తొమ్మిది క్యాసెట్లు... తొమ్మిదీ ఒకే బ్రిటిష్ రాక్ బ్యాండువి. పేరు రాయను. ఇప్పటికీ నా నోట రాదు.

రూతుకి అప్పుడు పదకొండేళ్ళు, నాకు పద్నాలుగు. అది లోపలి కాగితాలన్నీ చదివి, క్యాసెట్లని ఏళ్ళ వరసన పేర్చింది. ఓడరేవు ఊళ్ళో ఫ్యాక్టరీ పనివాళ్ళ పిల్లలట ఆ బ్యాండులోని నలుగురూ. మొదటి మూడింటిలోనూ తొందర, అరుపులు. నాలుగోదానికి ఉన్నట్టుండి నెమ్మదించారు... "వీళ్ళు వీళ్ళయింది ఇక్కడే అక్కా" అనేది. ఆరోదానికి డ్రమ్ములాయన ఫొటోలో లేడు. తొమ్మిదోదాని తర్వాత విడిపోయారు. రేడియోలో ఏ ఇంగ్లీషు పాట వచ్చినా, ఇది వాళ్ళ దగ్గర నేర్చుకున్నదేనని చూపించేది. తనూ వేళ్ళు కాయలు కాసేదాకా గిటారు మీద వాళ్ళనే వెతుక్కునేది.

నాకు మాత్రం అనుమానం. ఇలాంటి పాటలు వెనక్కి తిప్పి వింటే సాతాను స్తుతి వినిపిస్తుందని మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఒక పెద్దాయన చెప్పారు. అప్పట్నుంచీ ఫొటోలో ఆ నలుగురూ నన్నే చూస్తున్నట్టుండేది. రూతు పెదవులు కదిలితే... ప్రార్థనా, పాటా అని చెవి పెట్టేదాన్ని.

నాన్న ఖాళీ క్యాసెట్ అడిగిన రోజు నాలుగోది తీశాను. దాని పేరు మీద తెల్ల కాగితం అంటించాను. కొన్న పాటల మీద మళ్ళీ రికార్డు కాకుండా క్యాసెట్‌కి పైన రెండు గుంటలుంటాయి... వాటిలో కాగితం కుక్కి, ముందే టేప్‌రికార్డర్‌లో పెట్టి ఉంచాను. నాన్న ప్రార్థన దాని మీద పడితే చాలనుకున్నాను. రూతుకి అన్నిటికన్నా ఇష్టమైనది కాబట్టే అది తీశాను... ఈ మాట ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మా మాటలు పదిహేను నిమిషాలు. టేపు అంతకన్నా పొడవన్నది నాకు తోచలేదు.

నెలన్నరకి ఊరి పాస్టరుగారి ఉత్తరం వచ్చింది. నాన్నమ్మ ఆ క్యాసెట్‌ని ప్రార్థన కూటంలో అందరి ముందూ పెట్టించిందట. రూతు "ఉంటాను నాన్నమ్మా" అన్న మరుక్షణం డ్రమ్ములు, గిటార్లు. ముసలమ్మలు లేచి నిలబడ్డారట. అక్కడ పిల్లలు చెయ్యి దాటిపోతున్నారు, పంపించి హాస్టల్లో వెయ్యండి అని రాశారాయన.

నాన్న పెట్టె తెరిచి చూశారు. ఎనిమిదే ఉన్నాయి.

"నీ పాటలు ఊరికి కూడా పంపేవా?"

"నేను కాదు నాన్నా. పోయిందని నేనే వెతుకుతున్నాను."

నమ్మలేదు. వచ్చే నెల సెలవు మీద వెళ్ళే వాళ్ళతో రూతుని ఊరికి పంపించేస్తానన్నారు. రూతు ఏడవలేదు. నా వైపు చూసింది. అంతవరకూ ఆ ఇంట్లో ఆ అనుమానపు చూపు నాదే.

రెండు రోజులు ప్రార్థనకి మోకాళ్ళ మీద కూర్చున్నాను... ఒక్క మాటా రాలేదు. మూడోరోజు నాన్న డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే చెప్పేశాను.

విప్పిన బూటు పక్కన పెట్టారు.

"దెయ్యాన్ని ఆ పెట్టెలో వెతికేవు కదమ్మా, పెద్దమ్మాయ్" అన్నారు. మిగతాది అనలేదు. "నాకు కాదు, దానికి చెప్పు."

చెప్పాను. రూతు ఒక్కటే అడిగింది. "ఎన్ని పాటలు మిగిలేయి?"

ఆ వైపు చివరివి రెండు. రెండో వైపు మొత్తం.

హాస్టల్ మాట మళ్ళీ రాలేదు. మరుసటి వేసవిలో ఊరెళ్ళినప్పుడు రూతు ఆ పాటలు వింటానంది. నాన్నమ్మ మాత్రం మొదట్నుంచే పెట్టింది. మా మాటలయ్యాయి, డ్రమ్ములు మొదలయ్యాయి... ఆవిడ కదల్లేదు. ఇక ఆపొచ్చు కదా అన్నాను.

"ఉండవే. ఈ గోల అయ్యేక మళ్ళీ మీరేవన్నా మాట్టాడతారేవోనని... ఎప్పుడూ ఆకర్దాకా ఇంటాను."

రూతు మెల్లగా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. ఇద్దరూ టేపు చివరిదాకా విన్నారు.

ఇప్పుడు రూతు మా సంఘంలో గిటారు వాయిస్తుంది, పిల్లలకి నేర్పుతుంది. దాని వేళ్ళలో ఆ నలుగురూ నాకు వినిపిస్తూనే ఉంటారు. లోపల చిన్న ప్రార్థన చేసుకుంటాను... ఇంకా.

ఈ రోజుల్లో వీడియో కాల్ అవగానే తెర నల్లబడిపోతుంది. ఇంకేమైనా అంటారేమోనని ఎవరం ఆగుతున్నాం?

మీ ఇంట్లో అలాంటి మాటల క్యాసెట్ ఏదైనా మిగిలిందా... అందులో ఎవరి గొంతుంది?