జాబ్ కార్డ్ మీద ‘డ్రైవింగ్ స్టైల్’ అని రాసిన చప్పుడు

2023 ఎండాకాలం. సారపాక మెయిన్ రోడ్డు పక్కన నా కార్ల రిపేరు షెడ్డుకు అప్పటికి పద్దెనిమిదేళ్లు. పేపర్ మిల్లుకు జామాయిల్ కర్ర తెచ్చే లారీల మధ్య నుంచి ఒక ఎర్ర టర్బో కారు వచ్చి ఆగింది. పికప్ కోసం, పెద్ద డిస్క్ బ్రేకుల కోసం మనసుపడి కొనుక్కునే రకం. అందులోంచి రమాదేవి దిగింది. మణుగూరు దగ్గర ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో మట్టి, బొగ్గు మోసే భారీ డంపర్‌కు ఆపరేటర్.

“సారు రాలేదా?” అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

“బండి నాది, నడిపేది నేనే. చెప్పేది వింటవా అన్నా?”

“చెప్పక్కా.”

“ముందుకు పోతూ బ్రేక్ తొక్కితే టక్కుమంటది, ఒక్కసారే. మల్ల తొక్కితే రాదు. రివర్స్ తీసి తొక్కితే మల్ల ఒక టక్. గుంతల రోడ్డు మీద కుడిచక్రం కాడ గరగర.”

ఇంత శుభ్రంగా చెప్పినవాళ్లను నేను చూడలేదు. అయినా పెద్ద ఊరి వర్క్‌షాప్‌వాళ్లు మూడుసార్లు “పర్ఫార్మెన్స్ కార్ మేడమ్, ప్యాడ్లు గట్టివి, సౌండ్ ఉంటుంది” అని పంపేశారట. మూడోసారి రిపేరు వివరాలు రాసిచ్చిన జాబ్ కార్డ్ మీద చప్పుడుకు కారణం రాశారు: డ్రైవింగ్ స్టైల్.

జాకీ ఎత్తి ముందు కుడిచక్రం విప్పాను. రిమ్ లోపల గుండ్రంగా కోసుకుపోయిన గీత. క్యాలిపర్ అంటే డిస్కును ప్యాడ్లతో రెండువైపులా అదిమిపట్టే ఇనుప దవడ. రెండు బోల్టులు దాన్ని చక్రం వెనకుండే నకిల్ అనే ఇనుప దిమ్మకు కదలకుండా బిగించి ఉంచాలి. చేత్తో కదిపితే ఊగింది. కింది బోల్టు వేళ్లతోనే ఊడొచ్చింది. నకిల్‌లో బోల్టు పట్టే మరలు అరిగిపోతే, బోల్టుకు సన్నటి రేకుముక్క చుట్టి, జిగురు పూసి దూర్చారు.

“ప్యాడ్లు ఎవరు మార్చిండ్రు?”

“ఆ వర్క్‌షాప్‌వాళ్లే. అప్పటిసందే ఈ చప్పుడు.”

నా ఒళ్లు మండిపోయింది. ఇది తెలియక జరిగిన పొరపాటు కాదు. ఎవడో కూర్చుని రేకు కత్తిరించి చుట్టాడు. తెలిసి కూడా, మూడుసార్లు చక్రమైనా విప్పకుండా, తప్పు ఆమె కాలి మీదికి తోశారు. పైబోల్టు కూడా ఊడి ఉంటే క్యాలిపర్ రిమ్‌లో ఇరుక్కుని నడుస్తున్న చక్రం బిగుసుకుపోయేది. ఆమె రోజూ తిరిగేది అడవి రోడ్డు, ఎదురుగా లోడు లారీలు.

వర్క్‌షాప్‌కు ఫోన్ చేశాను. “ఆవిడ బ్రేక్ గట్టిగా తొక్కుతారండీ” అన్నాడు సర్వీస్ అడ్వైజర్. రమాదేవి ఫోన్ అందుకుంది.

“డంపర్ నడుపుత నేను. బ్రేక్ చప్పుడు తేడా ఉందని నేనంటే గనిల బండి ఆపి చూస్తరు. నా కాలును అనుమానించరు. మీకేమైంది?”

అటునుంచి అడ్వైజర్, “ఈసారి ఫ్రీ వాషింగ్ చేసిస్తాం మేడమ్.”

ఇంకో రేకు చుట్టి బిగించడం పది నిమిషాల పని. నేను చేయలేదు. కొత్త నకిల్, బోల్టులు వచ్చేదాకా కారు కదలనివ్వలేదు. నాలుగు రోజులు ఆమె బస్సులో డ్యూటీకి పోయింది. ఎంత బిగువు చాలో చూపించే టార్క్ పానాతో బోల్టులు బిగించి, పక్కన కూర్చుని ఆమెతోనే నడిపించాను. ముందుకు తొక్కింది, వెనక్కి తొక్కింది. చప్పుడు లేదు.

“నేనడిగింది గిదే కదన్నా” అంది.

బోల్టు, రేకుముక్క సంచిలో వేసి, చూసింది చూసినట్టు రాసి సంతకం చేసిచ్చాను. ఆమె వినియోగదారుల కోర్టుకు వెళ్లింది. కేసు ఇంకా నడుస్తోంది. పిలిచినప్పుడల్లా షెడ్డు మూసి వెళ్లి సాక్ష్యం చెప్పొస్తున్నాను.

అప్పటి నుంచి బండి తెచ్చినవాళ్లు చెప్పిన మాటను నా మాటల్లోకి మార్చకుండా కార్డు మీద రాస్తున్నాను. చక్రం విప్పకుండా “ఏమీ లేదు” అనే హక్కు ఏ మెకానిక్‌కూ లేదు.